అనసూయ అడిగిన ఆట మిషిన్

అనసూయకు అడగడం రాదు. అడగందే అమ్మైనా పెట్టదని సామెత ఉన్నది కానీ, ఆమె ముప్ఫై రెండేళ్ళు అడగకుండానే నెట్టుకొచ్చింది. పుట్టింట్లో అన్నదమ్ములు తినగా మిగిలింది తిన్నది. అత్తింట్లో మొగుడు దసరాకు ఏ రంగు చీర తెస్తే ఆ రంగే తనకిష్టమనుకుని కట్టింది. ఆ మొగుడు యాదగిరికి వరంగల్ చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం. బిందె కొన్నవాళ్ళు ఒక చెంచా ఊరికే వేయమంటే ఒంట్లో రక్తం అడిగినట్టు చూస్తాడు. చెడ్డవాడు మాత్రం కాదు. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని, గోడవైపు తిరిగి ఓ కునుకు తీసి వెళ్ళిపోతాడు. ఇట్లాంటి మొగుడు దొరకడం అనసూయ అదృష్టమని మా బజారు ఎప్పుడో తీర్పు చెప్పేసింది. మా బజారుకు తీర్పులంటే మహా ఇష్టం.

పెళ్ళయి పద్నాలుగేళ్ళు. పిల్లలు లేరు. ఈ విషయం ఆమెకు తప్ప మిగతా అందరికీ రోజూ గుర్తుంటుంది. సీమంతాలకు పిలిచేటప్పుడు కాస్త తడబడతారు, పిలవక తప్పదన్నట్టు పిలుస్తారు. ఆమె వెళ్ళి ఒక మూలన కూర్చుని వస్తుంది.

ఎనభై ఆరులో మేడారం జాతరకు అత్త చిలుకమ్మ ఆమెను వెంటబెట్టుకుని పోయింది. కన్నెపల్లి నుంచి సారలమ్మను తెచ్చే పూజారి వచ్చే దారిలో పిల్లలు లేని ఆడవాళ్ళు బోర్లా పడుకుంటారు. దేవతతో ఆయన వాళ్ళ మీదుగా దాటిపోతే కడుపు పండుతుందని నమ్మకం. దాన్ని వరం పట్టడం అంటారు. అనసూయ అట్లా పడుకోవడం అది మూడోసారి. మొదటిసారి వెక్కివెక్కి ఏడుస్తూ మొక్కుకుంది. మనుషులను అడగలేనిది ఆ తల్లినొక్కదాన్నే అడిగింది. ఈసారి దుమ్ములో మొహం పెట్టుకుని పడుకుంటే మాట రాలేదు. ఆ కోరిక ఆమెలో ఎప్పుడో అలిసిపోయింది. పూజారి అరికాలు ఆమె నడుముకు తగిలింది. దారి పక్కన నిలబడ్డ చిలుకమ్మ మాత్రం జనం తలలు తిప్పి చూసేటట్టు కేక పెట్టింది. "తాకింది! నా కోడలికి తాకింది!"

జాతర నుంచి వచ్చిన వారానికి పక్కింటి సోమక్క తమ్ముడు మస్కట్ నుంచి దిగాడు. సోమక్క తన ముందు గదిలోనే గాజులు, రిబ్బన్లు, పౌడర్ డబ్బాలు అమ్ముతుంది. తమ్ముడు తెచ్చిన సరుకులో అరచేతిలో పట్టేంత ఆట మిషిన్ ఒకటుంది. సోమక్క దాన్ని అద్దాల బీరువాలో సెంటు సీసాల పక్కన పెట్టింది. దానికి చిన్న అద్దం, అద్దంలో ఒక చెట్టు, చెట్టు మీద కోతి. కోతి కాయలు విసురుతుంటే కింద గంప పట్టుకున్న మనిషిని మీటలు నొక్కి అటూ ఇటూ ఉరికించి కాయలు పట్టాలి. మూడు కాయలు నేల మీద పడితే ఆట అయిపోతుంది. పట్టిన ప్రతి కాయకూ కిచ్ మని చప్పుడు. మిషిన్ ఎట్లా ఆడాలో తెలియనిదే ఎట్లా అమ్మాలని సోమక్క ఒక మధ్యాహ్నం అనసూయను పిలిచింది. ఇద్దరూ ఆడి చూశారు. సోమక్కకు పది కాయలకే చేతులు నొప్పి పుట్టాయి.

అనసూయ మర్నాడు కూడా వెళ్ళింది. ఆ మర్నాడు కూడా.

ఆమెకు ఏం జరిగిందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఆ చిన్న అద్దంలోకి చూస్తున్నంతసేపూ ఆమె ఎవరి కోడలూ కాదు, ఎవరి పెళ్ళామూ కాదు, పిల్లలు లేని మనిషి అసలే కాదు. కాయ ఎక్కడ పడబోతుందో ఆమె వేళ్ళకు ముందే తెలిసిపోయేది. తనకు ఒక పని ఇంత బాగా వచ్చని ఆమె ఏనాడూ ఎరగదు. ఇంటికి వచ్చి పప్పు రుబ్బుతున్నా కళ్ళముందు కోతే ఆడేది. రాత్రి పడుకునేముందు రేపటి మధ్యాహ్నం గుర్తొచ్చి సంతోషం వేసేది. సంతోషం వేసి సిగ్గుపడేది.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాక ఒకరోజు సోమక్క చెప్పింది. "చెల్లే, ఈ మిషిన్ ఇంక నాలుగు రోజులే. హన్మకొండ ఫోటో స్టూడియో ఆయన తన మనుమనికి అడిగిండు. సోమవారం అస్తనన్నడు."

అనసూయ మిషిన్ మీదినుంచి తల ఎత్తింది. "ఇచ్చేస్తవా సోమక్కా?"

"ఇయ్యక పూజ జేస్తనా? నీకు కావాలంటే నువ్వే తీసుకో. యాదగిరి సేటును అడుగు."

అడగాలట. ఆమె రెండు రోజులు అదే ఆలోచనలో తిరిగింది. దాని ధర చెబితే యాదగిరికి కళ్ళు తిరుగుతాయి. అది సరే, ఎవరికోసమని చెప్పాలి? పిల్లలు లేని ఇంట్లో పిల్లలాడే వస్తువా? బజారు నవ్వుతుంది. నవ్వితే నయం, జాలి పడుతుంది. దొంగచాటుగా కొని దాచుకుందామంటే అది కిచ్ కిచ్ మని అరిచే సరుకాయె. వద్దులే అనుకుంది. వద్దనుకున్న ప్రతిసారీ, ఫోటో స్టూడియో ఆయన మనవడు ఎవడో ఆ మీటలు నొక్కుతున్నట్టు కనిపించి ఒళ్ళు మండేది. ఆ పిల్లవాడిని ఆమె ఎన్నడూ చూడలేదు, అయినా వాడి మీద పిచ్చి కోపం వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం యాదగిరి తింటున్నాడు. చిలుకమ్మ గడప దగ్గర కూర్చుని వక్కలు దంచుకుంటోంది. అనసూయ చారు వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టేసి, కళ్ళు మూసుకున్నంత పనిచేసి అడిగింది.

"ఇగో వినుండ్రి. సోమక్క దుకాణంల ఒక మిషిన్ ఉన్నది. అది నాకు కావాలె."

యాదగిరి ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. "ఏం మిషిన్? కుట్టు మిషినా?"

"కాదు. ఆట మిషిన్. పిల్లలాడుకునేది."

వక్కలు దంచే చప్పుడు ఆగిపోయింది. చిలుకమ్మ రోలు పక్కకు జరిపి కోడలి మొహంలోకి చూసింది. "ఎప్పటిసంది కావాలనిపిస్తాంది బిడ్డా?"

"జాతరకెళ్ళి అచ్చినసంది అత్తమ్మా."

"అన్నం సయిస్తాందా?"

"ఎండలకు సయిస్తలేదు."

"ఈ నెల ఇంక దూరం కూసోలేదు గదా నువ్వు?"

"లేదు." అది ఆమెకు మామూలే. ఏడాదికి ఒకటి రెండుసార్లు వారమో పది రోజులో వెనకాముందూ అవుతుంది. దానిమీద ఆశ పెట్టుకోవడం ఆమె ఏనాడో మానుకుంది.

ఆమె చెప్పిన మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. కానీ చిలుకమ్మ అప్పటికే లేచి నిలబడి పైట కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. "యాదగిరీ, ఇంకేం మాట్లాడకు. ఏనాడన్న నోరు తెరిచి అడిగిందారా ఇది? ఇప్పుడెందుకడిగింది? అది అడుగుతలేదు, లోపలున్నోడు అడుగుతాండు. తెచ్చియ్యి. కడుపుల ఉన్నోని కోరిక తీర్చకుంటే పుట్టినంక చెవుల చీము గారుతది."

అనసూయకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక "కాదత్తమ్మా" అనబోయింది. అప్పుడు యాదగిరి మొహం చూసింది. పద్నాలుగేళ్ళలో ఆమె ఎన్నడూ చూడని మొహం అది. భయపడ్డ పిల్లవాడిలా, ఎవరో కొడతారేమో అన్నట్టుగా నవ్వుతున్నాడు. ఎంగిలి చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. ఆ మాట అనకుండా ఆమె మళ్ళీ గరిటె అందుకుంది. అన్నీ చెప్పాలి కదా, ఇది కూడా చెబుతాను: ఆ మొహం ఒక్కటే ఆమె నోరు కట్టేయలేదు. నిజం చెబితే మిషిన్ రాదన్న సంగతి కూడా ఆమెకు అదే క్షణంలో తట్టింది.

యాదగిరి కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కుని, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా సోమక్క ఇంటికి నడిచాడు. బేరం ఆడలేదు. ఆ మాట విని బజారు నోరెళ్ళబెట్టింది. యాదగిరి సేటు బేరమాడకుండా కొన్నాడంటే ఏదో జరిగిందని చీకటి పడేలోగా నలుగురికీ తెలిసిపోయింది.

చిలుకమ్మ మిషిన్‌కు పసుపు కుంకుమ పెట్టి, దేవుడి గూట్లో ఒక పూట ఉంచి, జాతర నుంచి తెచ్చిన ప్రసాదం బెల్లం చిన్న ముక్క కోడలి నోట్లో పెట్టి ఇచ్చింది. అనసూయ ఆ సాయంత్రమే చెప్పాలని మొగుడి దగ్గరికి వెళ్ళింది.

"ఇగో, మీకొక ముచ్చట చెప్పాలె. మీరనుకునేది..."

యాదగిరి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏం చెప్పకు. మూడో నెల వెళ్ళేదాక నోట్లకెళ్ళి ఆ మాట రావద్దని అవ్వ చెప్పింది. చెప్తే దిష్టి. ఊకో."

అది వాళ్ళ ఇంటి కట్టడి. ఉన్నదని చెప్పకూడదు. లేదని చెప్పుకోవాల్సిన మనిషి కూడా ఉంటుందని ఆ కట్టడి పెట్టిన ముసలమ్మలకు తట్టినట్టు లేదు. ఆమె మర్నాడు మళ్ళీ ప్రయత్నించింది. ఆయన రెండు చెవులూ మూసుకుని నవ్వాడు. అత్త దగ్గర నోరు తెరవబోతే ఆమె గబగబా మాట మార్చి బీరకాయల ధర ఎత్తుకుంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం యాదగిరి తిని పడుకోలేదు. వచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు.

"జర ఇటియ్యి. ఎట్ల ఆడాలె ఇది?"

ఆమె ఇచ్చింది. ఆయన రెండు బొటనవేళ్ళతో మీటలను పొయ్యి ఆర్పినట్టు గట్టిగా నొక్కాడు. మూడు కాయలూ వరసగా నేల మీద పడ్డాయి.

"ఏం కోతి ఇది! ఊపిరి తీసుకోనిస్తలేదు."

"కోతిని చూడొద్దు. కాయను చూడాలె," అంది అనసూయ.

"కాయ కోతి చేతులనే ఉన్నది గదనే!"

ఆమెకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. గోడవైపు తిరిగి పడుకునే ఆ మనిషి ఆమె భుజానికి భుజం తగిలేటట్టు కూర్చుని, కాయ జారినప్పుడల్లా "అరెరె" అంటూ, ఆమె వేళ్ళ వంక ఆశ్చర్యంగా చూస్తూ దుకాణం తెరిచే వేళ దాటిపోయిందాకా ఆడాడు. లేస్తూ, ఆమె మొహం చూడకుండా అన్నాడు. "వాడచ్చేటాళ్ళకు నేను మంచిగ నేర్చుకోవాలె. లేకుంటే మా నాయినకు ఏం రాదని నవ్వుతడు."

అనసూయ లోపలికి వెళ్ళి వంటింట్లో తలుపు చాటున నిలబడింది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

అట్లా నాలుగు మధ్యాహ్నాలు గడిచాయి. యాదగిరి రోజూ ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒకనాడు మల్లెపూలు, ఒకనాడు నల్లద్రాక్ష. కాయల లెక్క పెరిగేకొద్దీ పొంగిపోయేవాడు. దుకాణంలో జరిగినవన్నీ చెప్పేవాడు. ఆమె కూడా చెప్పింది, చిన్నప్పుడు మరిపెడలో మేనత్త ఇంట్లో గచ్చకాయలాటలో అందరినీ ఓడించిన సంగతి. ఆయన ఆ ముచ్చట మళ్ళీ చెప్పమన్నాడు. ఎవరూ ఆమెను ఒక ముచ్చట రెండోసారి చెప్పమని అడగలేదు అంతకుముందు.

సోమక్క ఊరుకోలేదు. నీళ్ళ దగ్గర పట్టుకుంది. "నాతోటి నిజం చెప్పు. ఉన్నదా?"

"లేదు."

"తెలుసు నాకు. నువ్వు నీ కోసమే మనసుపడ్డవ్. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, మీ ఆయన నా తమ్మున్ని అడుగుతాండట, మస్కట్ల పోరలకు సైకిల్ ఎంతకు దొరుకుతదని. ఎందుకు చెప్పవే?"

"చెప్పనిస్తలేరు సోమక్కా."

"గట్టిగ చెప్పాలె. మిషిన్ పోతదని భయమా? నేను వాపస్ తీసుకోను, ఫికర్ జెయ్యకు."

అనసూయ బిందె అంచు పట్టుకుంది. "మొదలు మిషిన్ కోసమే ఊకున్న. ఇప్పుడు గది కాదు. ఆయన నా పక్కకు అచ్చి కూసుంటాండు సోమక్కా."

సోమక్క వంగి బిందెను ఆమె చంకకెత్తింది.

ఆ శనివారం తెల్లారుజామున లేవగానే అనసూయకు తెలిసింది. పెరట్లో స్నానాల గది గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. దాచిపెడదామా అనుకుంది. ఇంకో వారం, ఇంకో పది మధ్యాహ్నాలు. తర్వాత కడుపు పోయిందని చెబితే సరిపోతుంది, చాలామందికి పోతుంది కదా. ఆ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకే భయం వేసింది. లేని బిడ్డను చంపి, వాడికోసం ఆ మనిషిని ఏడిపించాలి. అంత పని ఆమె వల్ల కాదు. పైగా ఆ ఒంటితో వంటింట్లోకి, దేవుడి గూటి దగ్గరికి ఎట్లా పోతుంది?

ఆమె చాపా చెంబూ తీసుకుని వెనక వసారాలో దూరం కూర్చుంది. ఒక్క మాట చెప్పాల్సిన పనిలేకపోయింది.

చిలుకమ్మ బియ్యం చెరుగుతూ వచ్చి చూసింది. చేట చేతిలోనే ఉంది. మొదట ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. "నడుము నొప్పా? పడుకున్నవా?" అంది. అనసూయ తల అడ్డంగా ఊపింది. ముసలావిడ అక్కడే గచ్చు మీద కూలబడింది.

"మరి ఎందుకడిగినవే? ఎవలి కోసమడిగినవ్?"

"నా కోసమే అత్తమ్మా. నాకు ఆడుకోబుద్ధయింది."

"అబద్ధమాడకు! నీ కోసం నువ్వెందుకడుగుతవ్? నువ్వు అడుగుతవానే ఎన్నడన్న? పోయింది. బరువు బిందె ఎత్తినవ్, ఆ సోమక్క కండ్లు వడ్డయ్, పోయింది."

"పోలేదు. అసలు లేదు. చెప్దామనుకున్న, మీరు చెప్పనియ్యలేదు."

చిలుకమ్మ వినలేదు. రాని బిడ్డ పోయాడని నమ్మడం ఆమెకు తేలికైంది. ముప్ఫై రెండేళ్ళ కోడలికి ఒక ఆట మీద మనసు పడిందని మాత్రం ఎంత చెప్పినా ఆమె తలకెక్కలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, బజారుకు వినపడకుండా, ఒంటి గంట దాకా ఏడ్చింది.

యాదగిరి ఆ మధ్యాహ్నం త్వరగా వచ్చాడు. ముందు గదిలోనుంచే మాట వినిపించింది. "అనసూయా, మిషిన్‌ల ఏసే సెల్లులు దొరికినయ్! మట్టెవాడ గడియారాల దుకాణంల ఉన్నయ్. ఇంక ఏడాది దాక..."

వెనక గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. చాపను చూశాడు, చెంబును చూశాడు, ఆమెను చూశాడు. చేతిలోని చిన్న కాగితం పొట్లాన్ని జేబులో పెట్టుకుందామా వద్దా అన్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. చిలుకమ్మ లోపలినుంచి వచ్చి ఆయన వెనక నిలబడి, బరువు బిందె ఎత్తితే పోయిందని చెప్పింది.

"అవ్వ అన్నది నిజమేనా? బిందె ఎత్తుతే..."

"కాదు. ముందునుంచి లేదు. మిషిన్ నా కోసమే అడిగిన." ఆమె అక్కడితో ఆపలేదు. "మీకు చెప్పాలె, చెప్పలేదు. రెండుసార్లు చెప్పబోయిన, మూడోసారికి నాకే చెప్పబుద్ధి కాలేదు. మీరు పక్కన కూసుంటుంటే నాకు మంచిగనిపించింది."

ఆయన లోపలికి వెళ్ళి, వాళ్ళు ఆడే చాప మీది మిషిన్ తీసుకుని వచ్చాడు.

"సోమక్కకు వాపస్ ఇయ్యరా," అంది చిలుకమ్మ. "ఆ ముదనష్టపుది ఇంట్ల వద్దు."

యాదగిరి తల్లి వంక చూడలేదు. "అనసూయా, నువ్వు చెప్పు. వాపస్ ఇయ్యాల్నా, ఉంచాల్నా?"

వాపసు ఇమ్మనడం ఆమెకు సులువు. జన్మంతా అదే చేసింది. ఇచ్చేస్తే అత్త ఏడుపు ఆగుతుంది, ఈయన గోడవైపు తిరిగి పడుకుంటాడు, ఇల్లు ఎప్పటిలా అవుతుంది. ఉంచితే ఆ కిచ్ మన్న ప్రతి చప్పుడూ ఆయన గుండెలో గుచ్చుకుంటుంది. అది ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఆ చిన్న అద్దం వైపే ఆమె కళ్ళు పోయాయి. కావాలి. ఇప్పటికీ కావాలి. తన మీద తనకు అసహ్యం వేసేంతగా కావాలి.

"ఉంచుండ్రి," అంది.

దూరం కూర్చున్న ఆడదానికి ఏదైనా ఇవ్వాలంటే నేల మీద పెట్టి వెనక్కి జరగాలి. ఆమె తీసుకోవాలి. యాదగిరి వంగబోయి ఆగాడు. గడప దాటి వసారాలోకి వచ్చాడు. చాప మీద ఆమె పక్కన గొంతుక్కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, అరచేతిలో మిషిన్ పెట్టి, వేళ్ళు మూశాడు. దాని మీద సెల్లుల పొట్లం పెట్టాడు.

"యాదగిరీ! ముట్టుకున్నవారా!" అని చిలుకమ్మ కేక పెట్టింది.

"తానం జేస్తలే అవ్వా," అన్నాడు.

పెరట్లో బావి దగ్గరికి వెళ్ళి, బట్టలు కూడా విప్పకుండా, చేద తోడుకుని తలమీద పోసుకున్నాడు. మళ్ళీ తోడాడు, మళ్ళీ పోసుకున్నాడు. మైల పోవడానికి ఒక్క చేద చాలు. ఆయన తోడుతూనే ఉన్నాడు. నీళ్ళ కింద ఆయన భుజాలు ఎగిరెగిరి పడటం అనసూయకు వసారాలోంచి కనిపించింది. లేచి ఆయన దగ్గరికి పోవడానికి ఆమెకు మూడు రోజుల దాకా వీల్లేదు.

మిషిన్ ఆమె ఒళ్ళో ఉంది. ఆమె మీట నొక్కలేదు. ఎండ గచ్చు మీదికి నీళ్ళు పారి చాప అంచు దాకా వచ్చాయి.